సంతాన సాగరము

గుంటూరు నుండి నరసరావుపేటకు పోవు దారిలో ఫిరంగిపురము అను గ్రామము కలదు. ఆ ఊరికి దక్షిణమున కొండలు బారులు తీరి నిలిచియున్నవి. అవియే కొండవీటి కొండలు. రైలులో పోవువారికి ఇరుప్రక్కల ప్రత్తిచేలు, మిరపచేలు కనబడును. మాఘ ఫాల్గుణ మాసములలోనైనచో కళ్ళములయందు ఆరబోసిన పండుమిరపకాయలతో నేల ఎఱ్ఱని తివాచీ పఱచినట్లుండును.

నేను చెప్పబోవు కథ జరిగిన నాటికి ఈ ఎఱుపు ఇక్కడ లేదు. మిరప మన దేశమునకు పోర్చుగీసువారు వచ్చిన పిమ్మట, అనగా 16వ శతాబ్దమున, వచ్చిన పైరు. అంతకు ముందు మన పెద్దలు కారమునకు మిరియములను వాడెడివారు. ప్రత్తి మాత్రము అప్పుడును ఉండెను, జొన్న యుండెను. నల్లరేగడి నేల యుండెను. ఆ నేల స్వభావము ఈ సీమ పిల్లలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. వాన కురిసినచో కాలు దిగబడును. ఎండ ముదిరినచో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. లోపలి తేమను చాలకాలము పట్టియుంచును గనుక ప్రత్తియు జొన్నయు పండును గాని, త్రాగుటకు మంచినీరు మాత్రము సులభముగ దొరకదు. పెక్కుచోట్ల బావి త్రవ్వినచో ఉప్పునీరు పడును. ఇట్టి సీమలో ఊరికొక మంచినీళ్ళ చెరువు ఉండుట ఎంత అవసరమో, వేసవిలో కావడి భుజమున వేసికొని క్రోసెడు దూరము నడచిన వారికి తెలియును.

ఈ నేలపై నూఱు సంవత్సరములు రాజ్యము చేసినవారు రెడ్డిరాజులు. ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతమున రాజ్యము స్థాపించి అద్దంకిని రాజధానిగా చేసికొనెను. అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. తరువాత అనవేముడు, కుమారగిరి పాలించిరి. కుమారగిరి వైభవప్రియుడు. ఏటేట వసంతోత్సవములు జరిపించెను. ఆ ఉత్సవములకు కావలసిన కర్పూరమును, కస్తూరిని, ఇతర సుగంధద్రవ్యములను అవచి తిప్పయసెట్టి అను వర్తకుడు ద్వీపాంతరముల నుండి తెప్పించెడివాడు. ఆ ఖర్చుల వలననే కుమారగిరికి కర్పూర వసంతరాయలు అను పేరు వచ్చినది. 1402లో అతని తరువాత పెదకోమటి వేమారెడ్డి సింహాసన మెక్కెను. ఇతడు ప్రోలయ వేముని సోదరుడైన మాచారెడ్డి వంశమువాడు. ఇతని పట్టపురాణియే సూరమాంబ.

ఆమె మెట్టినిల్లు ప్రశాంతమైనది కాదు. కుమారగిరి తన చెల్లెలి భర్తయగు కాటయవేమునకు రాజమహేంద్రవర రాజ్యమును ఇచ్చియుండెను. ఒక్క ఇంటివారే రెండు రాజ్యములుగా చీలిరి. పెదకోమటి వేమునకును కాటయవేమునకును పోరు సాగినది. వేఱొక వైపున రాచకొండ వెలమ ప్రభువులతో యుద్ధములు తప్పలేదు. ఇట్టి కాలమున కూడ పెదకోమటి వేముడు విద్యను విడువలేదు. సాహిత్య చింతామణి అను అలంకార గ్రంథమును, అమరుకమునకు శృంగారదీపిక అను వ్యాఖ్యను సంస్కృతమున రచించెను. వామనభట్ట బాణుడు ఇతని చరిత్రమును వేమభూపాల చరితము అను గద్యకావ్యముగ వ్రాసెను. మహాకవి శ్రీనాథుడు ఇతని ఆస్థానమున విద్యాధికారి. కవుల కొలువు ఒక ప్రక్క, సేనల కదలిక ఒక ప్రక్క. ఈ రెంటి నడుమ సూరమాంబ రాణివాసము.

ఆ కాలముననే తూర్పున బహుదూరమందున్న కొరియా దేశములో మఱియొక రాణి యుండెను. ఆమె పేరు వన్‌గ్యోంగ్. జోసన్ వంశపు మూడవ రాజైన తేజోంగ్‌కు పట్టమహిషి. 1398లో రాజకుమారుల కలహము వచ్చినప్పుడు ఆయుధములు దాచియుంచి భర్తకు అందించిన ధీరురాలు. 1400లో భర్త రాజయ్యెను. రాణి పుట్టింటివారు బలవంతులగుదురేమో యను భయముతో ఆ రాజే ఆమె నలుగురు తమ్ముళ్ళను, 1410లో ఇద్దఱిని, 1416లో ఇద్దఱిని, చంపించెను. ఆమె 1420లో మరణించినది. కొరియా రాజులు ప్రతి ప్రభువు కాలమునకును దినచర్యవంటి చరిత్రము వ్రాయించెడివారు గనుక ఇవన్నియు నేటికిని తెలియుచున్నవి. మన దేశమున అట్టి వాడుక లేదు. మన రాణుల మాట తెలిసికొనవలెనన్నచో గుడిస్తంభములను, చెరువుగట్టుపై నిలిపిన రాతిపలకలను అడుగవలెను. ఆ రాళ్ళు రాణివాసపు కలతలను చెప్పవు. ఎవరు ఏమి కట్టించిరో, ఏమి ఇచ్చిరో చెప్పును. ఒకవిధముగ అదియు మేలే యని నాకు తోచును.

సూరమాంబను గూర్చి రాయి చెప్పునది ఇది. ఆమె ఫిరంగిపురము చెంత ఒక పెద్ద చెరువు త్రవ్వించినది. దానికి సంతాన సాగరము అని పేరు పెట్టినది. శాలివాహన శకము 1331, అనగా క్రీస్తుశకము 1409లో, ఆ చెరువును గూర్చి శాసనము వేయించిరి. ఆ శాసనమును రచించినవాడు శ్రీనాథుడు.

ఈ తుదిమాట దగ్గఱ కొంచెము నిలువవలెను. పలనాటి సీమలో తిరిగినప్పుడు జొన్నకూటిని, నీటి కఱవును ఎగతాళి చేయుచు చెప్పిన చాటుపద్యములు శ్రీనాథుని పేర మన ఇండ్లలో నేటికిని వినబడుచున్నవి. కనకాభిషేకము పొందినవాడని, భోగియని మనము చెప్పుకొను కవి ఆయన. ఆ కవి చేతనే రాణి తన చెరువునకు శాసనము వ్రాయించుకొన్నది. రాజుల వీరత్వమును, అంతఃపుర సౌందర్యమును పొగడుటకు అలవాటుపడిన గంటము మట్టికట్టను గూర్చి, నీటిని గూర్చి వ్రాసినది.

పేరును గూర్చియు ఒక మాట. మన పెద్దలు మనుష్యునకు సంతానము ఏడు విధములని చెప్పిరి. కన్నకొడుకు ఒకటి, చెరువు, దేవాలయము, తోట, కావ్యము, నిధి, అగ్రహారము తక్కిన యాఱు. మనిషి పోయిన పిదప అతని పేరు నిలుపునవి ఇవి యని వారి భావము. సూరమాంబకు రాచవేముడను కొడుకు ఉండెను. ఆమె చెరువునకు సంతానము అని పేరిడుటతో, కొడుకు సరసన చెరువును కూర్చుండబెట్టినట్లైనది.

ఆమెకు స్వయముగ నీటి కొఱత ఉండెనా? లేదు. కొండవీటి దుర్గములో కొండమీదనే మూడు చెరువులు కలవు. నేడును పైకెక్కి చూడవచ్చును. ముట్టడి వచ్చినను కోటలోనివారికి దాహము లేకుండునట్లు రాజులు ముందుచూపుతో కట్టించినవి అవి. దాహము కొండక్రింది వారిది. సంతాన సాగరము కొండక్రింద త్రవ్వబడినది.

చెరువు త్రవ్వుట యనగా గోతి తీయుట యని బాలురు అనుకొనరాదు. నేల వాలును చూచి, వాన నీరు ఏ వైపు నుండి వచ్చునో గమనించి, పల్లపు వైపున కట్ట వేయవలెను. మట్టిని పొరలు పొరలుగ పోసి తడిపి త్రొక్కించవలెను. నీరు తాకు లోపలి వైపున అలల దెబ్బకు మట్టి కోసికొనిపోకుండ రాయి పేర్చవలెను. పొలములకు నీరు విడుచుటకు తూము, మిక్కిలి వాన వచ్చినప్పుడు అధికమైన నీరు పోవుటకు అలుగు అమర్చవలెను. అలుగు సరిగా లేనిచో ఒక్క తుపానులో కట్ట తెగి, సంవత్సరముల పాటు వందలమంది చేసిన పని ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోవును. కడప మండలమున పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించి 1369లో శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లపాటు పనిచేసినట్లు అందులో నున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కలుగు ఆఱు దోషములను కూడ ఆ శాసనము చెప్పుచున్నది. చౌడు నేల ఒక దోషము. భూమి చాల ఉండి నీరు కొంచెముగ నుండుట మఱియొక దోషము.

ఆ రెండవ దోషమే మెట్టసీమ చెరువులను వెంటాడునది. కట్ట ఎంత గట్టిదైనను పైనుండి నీరు రాకున్న చెరువు ఎండిన పళ్ళెమువలె నుండును. ఈ చిక్కునకు ఉపాయము చేసినవాడు సూరమాంబ కుమారుడైన రాచవేముడు. తల్లి త్రవ్వించిన సంతాన సాగరమునకు నీరు వచ్చునట్లు అతడొక కాలువ త్రవ్వించెను. జగనొబ్బగండ అనునది రెడ్డిరాజుల బిరుదము. లోకములో ఒక్కడే శూరుడు అని దాని అర్థము. ఆ కాలువకు జగనొబ్బగండ కాలువ అని పేరు పెట్టిరి. ఫిరంగిపురమునకు చేరువనున్న అమీనాబాదులో 1415 నాటి శాసనమున ఈ సంగతి కలదు. దానిని కూడ శ్రీనాథుడే రచించెను. యుద్ధములు చేయు వంశములో పుట్టిన యువరాజు, శూరుడను బిరుదమును కోటగోడకో ధ్వజమునకో గాక ఒక నీటికాలువకు ఇచ్చుట చూడ ముచ్చటగ నున్నది.

ఇంతటితో కథ ముగిసినచో ఎంత బాగుండెడిది!

పెదకోమటి వేముని పాలన 1420లో ముగిసినది. రాచవేముడు రాజయ్యెను. నాలుగేండ్లు మాత్రమే ఏలెను. నూఱేండ్ల రాజ్యము అప్పటికి చిక్కిపోయియున్నది. ఇంటిలో చీలిక, బయట శత్రువులు, సేనలకు ఖర్చు. బొక్కసమున ధనము లేదు. ధనము లేనప్పుడు రాజులు చేయు పనినే అతడును చేసెను. పన్నుల మీద పన్నులు వేసెను. తుదకు, ఇంటిలో బిడ్డ పుట్టినచో రాజునకు సుంకము చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. దానిని పురిటి సుంకమనిరి. ఈ సంగతిని కొండవీటి దండకవిలె చెప్పుచున్నది. కవిలె యనగా గ్రామ కరణములు తరతరములుగ వ్రాసి దాచుకొన్న లెక్కల పుస్తకము. రాజాస్థాన కవుల శాసనములలో లేనిది కరణపు కవిలెలో మిగిలినది.

తల్లి నీటికి సంతానమని పేరు పెట్టినది. కొడుకు సంతానము మీద పన్ను వేసెను. ఆ తల్లి త్రవ్వించిన చెరువునకు ప్రేమతో కాలువ త్రవ్వించినవాడే ఇంత పని ఎట్లు చేసెను? యువరాజుగ నున్నప్పుడు అతనికి నీరు లేని పొలము కనబడినది. రాజైన పిమ్మట ఖాళీ బొక్కసము కనబడినది. నాకు తోచిన సమాధానము ఇంతే. ఇంతకన్న లోతైనది మీకు తోచినచో మీ ఉపాధ్యాయునితో చర్చింపుడు.

పురిటి సుంకము కట్టలేకయో, కట్టుటకు మనసొప్పకయో సవరము ఎల్లయ్య అనువాడు ఎదురుతిరిగెను. అతని ఇంట బిడ్డ పుట్టియుండెను. అతడు రాచవేముని పొడిచి చంపెనని కవిలె చెప్పుచున్నది. అది 1424వ సంవత్సరము. అంతటితో కొండవీటి రెడ్డిరాజ్యము అంతరించినది. ఆ సీమ విజయనగర ప్రభువుల చేతిలోనికి, తరువాత ఓఢ్ర గజపతుల చేతిలోనికి పోయినది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించి, రాణులు తిరుమలదేవి, చిన్నాదేవులతో అమరావతికి వెళ్ళి అమరేశ్వరుని సేవించెను. ఆయన తులాపురుష దానము చేసెను. రాణులిద్దఱును మహాదానములు చేసిరి. ఆ బంగారము ఆనాడే పలువురి చేతులలో పంచబడిపోయినది.

కొండవీటి క్రింది రైతులు ఆ పిమ్మటను చెరువులనే, వాననే నమ్ముకొని బ్రదికిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశము సీమల మెట్టపొలములకు వచ్చినది. రాచవేముని కాలువకును ఈ కాలువకును నడుమ అయిదువందల యేబది యేండ్లు గడచినవి.

అమీనాబాదు శాసనములో రాచవేముని పేరు పురిటి సుంకముతో లేదు. తల్లి చెరువుతో కలిసి యున్నది.