డెల్టాలో ధమ్మయాత్ర: రాతి మీద ఎవరి పేరుంది?



గత పాఠంలో దానం గురించి చెప్పుకున్నాం. ఈ పాఠాన్ని ఇంట్లో కూర్చుని చదివితే సగమే వస్తుంది. మిగతా సగం కాళ్లతో నడిచి నేర్చుకోవాలి. బందరు, గుడివాడ, దివిసీమ మనకు కొత్త ఊళ్లు కావు. కూలికీ, ఆసుపత్రికీ, పెళ్లిళ్లకీ రోజూ తిరిగేవే. ఈ మట్టిలోనే సుమారు రెండువేల ఏళ్ల నాటి ధమ్మం ఆనవాళ్లున్నాయి.

దీక్ష తీసుకున్నాక చుట్టాలు అడిగే మాట మీకు తెలిసిందే: “బుద్ధుడు ఎక్కడో లుంబినిలో పుట్టాడు. మీ దీక్ష నాగపూర్‌లో మొదలైంది. మన కృష్ణా జిల్లాకీ ఆయనకీ ఏం సంబంధం?” దానికి మనవాళ్లలో కొందరు కోపంగా “ఈ గుళ్లన్నీ మావే” అనేస్తారు. కోపంతో అన్నది జవాబు కాదు. వచ్చి స్వయంగా చూసుకోమనడమే ధమ్మం పద్ధతి. అందుకని చూద్దాం పదండి.

1. బందరు: బజారులో అలంకారమైన ధమ్మం

కోనేరు సెంటర్లో దిగి రాబర్ట్‌సన్‌పేట వైపు నడవండి. ఈ పేటకి రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు కలెక్టరు పేరు పెట్టారు. 1830 ప్రాంతంలో ఆయన కొత్త బజారు కట్టిస్తూ, దాని నడిమధ్య అందంగా ఉంటుందని అమరావతి మహాస్తూపం నుంచి చెక్కిన పలకలు తెప్పించి నిలబెట్టాడు. ఒకటీ రెండూ కాదు, ముప్పైకి పైగా పలకలు. ఆ తర్వాత అవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1845లో ఎలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు చాలామటుకు మద్రాసు మీదుగా లండన్ వెళ్లిపోయాయి. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు అక్కడికి వెళ్తే దుకాణాలు తప్ప ఏమీ కనబడవు. అయినా ఒక్క నిమిషం ఆగండి. పక్కనున్న పిల్లలకి చెప్పండి: ఇక్కడ బుద్ధుని కథలు చెక్కిన రాళ్లు నిలబడేవి, కూరగాయలు కొనుక్కుని వెళ్లేవాళ్లు వాటి పక్కనుంచే నడిచేవాళ్లు, అవేమిటో చెప్పేవాళ్లే లేరు. రాళ్లు పోవడం ఒక నష్టం. రాయి కళ్లెదుటే ఉన్నా చదవనివ్వని కాలం అంతకంటే పెద్ద నష్టం.

2. గుడివాడ: రోడ్డు కింద స్తూపం

బందరు నుంచి రైలెక్కితే గుడివాడ. ఈ ఊరి మధ్యలో ఒక పెద్ద స్తూపం ఉండేది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యింది. ఆ కాలంలోనే జిల్లా అంతటా కాలువలూ, తూములూ, రోడ్లూ వచ్చాయి. వాటికి ఇటుకా రాయీ కావాలి. పాతదిబ్బలు తేరగా దొరికాయి. గుడివాడ స్తూపాన్ని రోడ్డు పనికి పగలగొట్టారు. పగలగొడుతుంటే ధాతుపేటికలు బయటపడ్డాయి. నది అవతల భట్టిప్రోలు స్తూపం రాళ్లు వెల్లటూరు దగ్గర కాలువ తూముకి పోయాయి. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద 1894లో పుస్తకం వేసేసరికే చాలా భాగం పోయింది.

ఆ ఇటుకల తట్టలు మోసింది ఎవరై ఉంటారు? ఎండలో మట్టిపనికి వెళ్లేది ఎవరో మనకు తెలుసు. మన తాతముత్తాతలే మోసి ఉండొచ్చు. అందుకు సిగ్గుపడొద్దు. అక్షరానికి దూరంగా ఉంచిన మనిషికి తన నెత్తి మీది తట్టలో ఏముందో ఎలా తెలుస్తుంది? తెలిసిన మన చేతుల్లో ఉన్నది ఇకముందు ఒక్క ఇటుక కూడా కదలకుండా చూసుకోవడం.

ఇంకొక సంగతి. ఇలాంటి దిబ్బల్ని జనం ఏమని పిలిచేవాళ్లో పెద్దవాళ్లని అడగండి. భట్టిప్రోలు స్తూపాన్ని “లంజదిబ్బ” అనేవాళ్లు. మనవాళ్లకి ఆ పేరు వినగానే రక్తం ఉడుకుతుంది. ధమ్మాన్ని అవమానించడానికే పెట్టారంటారు. ఎవరు, ఎందుకు పెట్టారన్నది పక్కన పెట్టి ఒక్క మాట ఆలోచించండి. వైశాలి గణిక అంబపాలి భోజనానికి పిలిస్తే బుద్ధుడు వెళ్లాడు. ఆమె ఇచ్చిన మామిడితోట తీసుకున్నాడు. తర్వాత ఆమె భిక్ఖుణి అయింది. కులం పేరుతో తిట్లు తిన్నవాళ్లం మనం. ఆ తిట్టులో ఉన్న ఆడమనిషిని చూసి మనమే ముక్కు మూసుకుంటే, దీక్షలో నేర్చుకున్నదేమిటి? పేరు మార్చమని అడగండి, తప్పులేదు. ఆ మనిషిని మాత్రం తక్కువ చెయ్యకండి.

3. ఘంటసాల: ఓడరేవులో మహాచైత్యం

గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి దారి పడితే దివిసీమ అంచున ఘంటసాల. ఇక్కడ కళ్లారా చూడటానికి స్తూపం ఉంది, మ్యూజియం ఉంది.

దీని పాత పేరు కంటకసేల. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ దీన్ని వర్తకపు రేవుగా రాశాడు. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుడి పేరుంది. అంటే సముద్రంలో ఓడ నడిపించే పెద్ద. ఇప్పుడు ఘంటసాలలో నిలబడితే చుట్టూ వరిచేలే కనబడతాయి. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో భూమి పెరిగింది, సముద్రం దూరం జరిగింది. అనిత్యం అంటే ఏమిటని సమావేశాల్లో అడుగుతుంటారు కదా, అక్కడ నిలబడి చూపించండి. ఇదే సీమలో 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలకి ఆ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు.

స్తూపం లోపలి కట్టుబడి గమనించండి. మధ్యలో చదరంగా ఇటుక కట్టు, దాని నుంచి బండిచక్రం ఆకుల్లా చుట్టూ సాగిన గోడలు, సందుల్లో మట్టి. అంతా ఇటుకతో నింపకుండానే అంత పెద్ద గుండ్రని కట్టడాన్ని నిలబెట్టిన పనితనం అది. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమె మ్యూజియం దాకా వెళ్లాయి.

దానం చేసిన వాళ్లలో ఒక ఆడమనిషిని గుర్తుపెట్టుకోండి. పేరు బోధిసిరి. ఉపాసిక. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ దగ్గర వేయించిన శాసనంలో ఆమె తన దానాలన్నీ చెప్పుకుంది. అందులో కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం ఒకటి. కొండల దగ్గర ఉన్న ఆ శాసనంలో సముద్రపు ఒడ్డు ఊరి పేరు కనబడుతుంది. ఉపాసికలూ, సంఘంలో ఆడవాళ్ల మాట ఎంతవరకూ అని ఎవరైనా అంటే బోధిసిరి పేరు చెప్పండి.

ఓపిక ఉంటే పులిగడ్డ – పెనుమూడి వారధి దాటి రేపల్లె మీదుగా భట్టిప్రోలు వెళ్లండి. అక్కడి ధాతుపేటికల మీద ఒక రాజు పేరుంది, కుబేరకుడు. ఆ పక్కనే కుర అనే అతని పేరుంది. తల్లీతండ్రితో కలిసి బుద్ధుని ధాతువుల కోసం పేటికనూ స్ఫటికపు భరిణెనూ ఇచ్చాడు. రాజు పేరున్న చోటే మామూలు ఇంటివాళ్ల పేర్లూ ఉన్నాయి.

4. అసలు పాఠం: విధికుడి పేరు

ఇక్కడ ఒక్కసారి అదే నది వెంట పైకి, అమరావతికి వెళ్దాం. ఎందుకంటే ఈ యాత్రకి తాళంచెవి అక్కడుంది.

అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం దానంగా వచ్చింది. ఇచ్చినతను విధికుడు. శాసనం అతన్ని చమ్మకారుడు అని చెబుతుంది. అంటే తోలుపని చేసేవాడు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలతో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. తోలుపని అని దాచుకోలేదు. స్తూపం వాళ్లూ ఆ పని పేరు చెరిపెయ్యలేదు.

ఇప్పుడు మీ జేబులోనో, బీరువాలోనో ఉన్న ప్రభుత్వ కాగితం తియ్యండి. 2018లో ఆంధ్రప్రదేశ్ తీసుకున్న అధికార చిహ్నం అమరావతి ధమ్మచక్రం. దాని మధ్యలో ఉన్నది విధికుడు దానం చేసిన పూర్ణఘటమే. ఏ కార్యాలయం గడప దగ్గర మన పెద్దలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారో, ఆ కార్యాలయం బోర్డు మీద ఒక చమ్మకారుడి దానం ఉంది.

అయితే జాగ్రత్త. “విధికుడు మా కులంవాడు” అని చెప్పొచ్చా? చెప్పకూడదు. ఈనాటి కులాలు ఆనాడు ఇలాగే ఉన్నాయని చెప్పే రుజువు ఆ రాయిలో లేదు. అంటరానివారు ఒకప్పటి బౌద్ధులేనని బాబాసాహెబ్ 1948లో పుస్తకం రాసినప్పుడు ఆధారాలు పేర్చి వాదించారు గానీ, కళ్లు మూసుకుని నమ్మమనలేదు. మనమూ అంతే. రాయి చెప్పినంతే చెబుదాం. తోలుపని చేసే మనిషి పేరు మహాచైత్యంలో గౌరవంగా నిలిచిన కాలం ఒకటి ఈ నది ఒడ్డునే ఉంది. ఆ మాట చాలు. అది నిజం గనక ఎవరూ కాదనలేరు. నాలుగు కలిపి చెబితే, ఆ నాలుగూ తప్పని తేలిన రోజు నిజం కూడా నవ్వులపాలవుతుంది.

5. యాత్రలో ఆచరణ

ఎండ ముదరకముందే పొద్దున్నే బయల్దేరండి. స్తూపం దగ్గర త్రిశరణ పంచశీలాలు పఠించి, కుడివైపుగా ప్రదక్షిణ చెయ్యండి. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ వద్దు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లం కాబట్టి మొక్కులు వద్దు, కోరికలు వద్దు. ఇటుక ముక్క కూడా గుర్తుగా తెచ్చుకోవద్దు. దారిలో గుళ్లు వస్తాయి, అక్కడ తగువులు పెట్టుకోవద్దు.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఎక్కడైనా దిబ్బ తవ్వుతున్నట్టు కనబడితే తేదీ వేసి ఫొటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అరుపులకంటే రసీదు బలం.

తిరిగొచ్చాక ఒక పని చెయ్యండి. విధికుడు ఫలకం ఇచ్చాడు, బోధిసిరి మండపం ఇచ్చింది, కుర భరిణె ఇచ్చాడు. మీ పేటలో అంబేద్కర్ బొమ్మ దగ్గరున్న గదిలో పిల్లలకి సాయంత్రం చదువు ఉందా? పుస్తకాల బీరువా ఉందా? లేకపోతే ఇంటిల్లిపాదీ కలిసి ఒకటి ఇవ్వండి. తల్లి పేరూ, భార్య పేరూ, కూతుళ్ల పేర్లూ కలిపి రాయించండి.

సమావేశంలో చర్చించండి

• చేసే పనిని దాచుకోకుండా పేరు రాయించుకున్న విధికుడి నుంచి మన పిల్లలు ఏం నేర్చుకోవాలి?

• మీ ఊళ్లో పాతదిబ్బ ఉందా? పెద్దవాళ్లు దాన్ని ఏమంటారు?

• రుజువున్నదే చెప్పాలన్న నియమం మన ప్రసంగాల్లో ఎంతవరకు పాటిస్తున్నాం?

జైభీమ్! నమో బుద్ధాయ!