పందెపు కార్ల గొలుసు ప్రమాదాలు – ఒక పరిశీలన

వేగం ఈ యుగధర్మం. వేగంతోపాటు ప్రమాదం కూడా నీడవలె వెన్నంటి వచ్చుచున్నది. ఒక వాహనం మరొక దానిని ఢీకొనుట మనం తరచుగా చూచునదే. కాని ఒక్కరి పొరపాటు వలన ఇరవై, ముప్పై వాహనాలు క్షణాలలో ఒకదానిపై నొకటి వచ్చి పడుట ఎట్లు సంభవించును? అది ఎంత తరచుగా జరుగును? అది విధి విలాసమా, లేక దానికి లెక్క ఏదైనా కలదా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్ల పందెం మన నగరానికి అపరిచితం కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ 'ఫార్ములా ఈ' జరిగినది. మన దేశంలో ఆ పోటీ జరుగుట అదే మొదటిసారి. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్.టి.ఆర్. మార్గ్ పరిసరాల వీధులనే 2.835 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చినారు. 22 కార్లు పాల్గొనగా ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వేర్న్ విజేత అయినాడు. ఆనాడు ఒక ఇరుకు మలుపులో సామ్ బర్డ్ నడుపుతున్న జాగ్వార్ కారు, తన జట్టువాడే అయిన మిచ్ ఎవాన్స్ కారును ఢీకొన్నది. ఇద్దరూ పోటీ నుండి తప్పుకొనవలసి వచ్చినది. 2024లో జరుగవలసిన రెండవ పోటీ రద్దయినది.

ఇక్కడ గమనింపదగినది ఒకటున్నది. వీధి బాటలో మలుపులు ఎక్కువ. ప్రతి మలుపు వద్ద కార్లు వేగం తగ్గించును. ఒకదాని వెనుక ఒకటి సాగిపోవుట వలన వాటి నడుమ ఎడం ఏర్పడును. కావున ప్రమాదం జరిగినను అది సాధారణంగా రెండు మూడు కార్లతోనే ఆగిపోవును. దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం అమెరికాలోని 'స్టాక్ కారు' పందేలలో కనిపించును. అంగడిలో అమ్ముడుపోవు కార్లనే పందెానికి దించుట వలన వాటికి మొదట ఆ పేరు వచ్చినది. 1948లో స్థాపితమైన నాస్కార్ సంస్థ వీటిని నిర్వహించుచున్నది.

ఈ పోటీలలో పెద్ద ప్రమాదానికి 'బిగ్ వన్' అని పేరు. 1960లో డేటోనాలో జరిగిన ఒక పోటీలో, తొలి చుట్టులోనే 37 కార్లు చిక్కుకొన్నవి. 2024 అక్టోబరు 6న టల్లడేగాలో, పోటీ ముగియుటకు ఐదు చుట్లు మాత్రమే మిగిలి ఉండగా, 40 కార్లలో 28 కార్లు ఒకే ప్రమాదంలో పడినవి. నాస్కార్ అగ్రశ్రేణి పోటీల చరిత్రలో అదే అతి పెద్దది.

అయితే ఇట్టివి ప్రతి వారం జరుగునని అనుకొనరాదు. అగ్రశ్రేణిలో ఏటా 36 పోటీలు జరుగును. వానిలో డేటోనా, టల్లడేగా బాటలపై జరుగునవి నాలుగు మాత్రమే. 2022లో అట్లాంటా బాటను కూడా అదే రీతిగా పునర్నిర్మించుట వలన ఆ సంఖ్య ఆరైనది. పెద్ద ప్రమాదాలు ప్రధానంగా ఈ ఆరింటిలోనే సంభవించుచున్నవి. మార్టిన్స్‌విల్ వంటి అరమైలు బాటలో కార్లు తరచుగా తాకుకొనును గాని, వేగం తక్కువగుటచే గుంపంతా కూలదు. టల్లడేగాలోనే 1997 మే నెలలో 500 మైళ్ల పోటీ ఒక్క ప్రమాద హెచ్చరికైనా లేకుండ, గంటకు 303 కిలోమీటర్ల సగటు వేగంతో ముగిసినది. కావున వేగమొక్కటే కారణం కాదని తేలుచున్నది.

మరి అసలు కారణమేమి? టల్లడేగా బాట 2.66 మైళ్ల పొడవు గలది. మలుపుల వద్ద 33 డిగ్రీలు వాలుగా ఉండుటచే వేగం తగ్గింపనక్కర లేదు. 1987లో అక్కడ బాబీ ఎలిసన్ కారు గాలిలోకి లేచి, ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చినది. దానితో 1988 నుండి ఇంజనులోకి పోవు గాలిని తగ్గించు పలకలను అమర్చినారు. వేగం తగ్గినది, కాని అన్ని కార్ల శక్తి ఇంచుమించు సమానమైపోయినది. ముందు కారు గాలిని చీల్చుకొని పోవుచుండగా, దాని వెనుక నంటి పోవుట లాభకరం. అందుచే నలభై కార్లు ఒకే గుంపుగా సాగును. ప్రేక్షకుని రక్షించుటకై చేసిన ఏర్పాటే కార్లను దగ్గరకు చేర్చినది.

ఇప్పుడు చిన్న లెక్క వేయుదము. గంటకు 300 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 83 మీటర్లు. కన్ను చూచి, కాలు కదలుటకు పావు సెకను పట్టిననుకొన్నను కారు 20 మీటర్లు ముందుకు పోవును. అది నాలుగు కార్ల పొడవు. ముందు కారుకును తనకును నడుమ ఒక్క మీటరు కూడా లేనివాడు, ఎంత నేర్పరి అయినను, ఏమి చేయగలడు? మొదటి తాకిడి ఒకరి తప్పు. తరువాతి ఇరవై ఏడు కార్ల దుర్గతి ఎడం లేకపోవుట వలన కలిగినది.

ఈ సత్యం మనకు దూరమైనది కాదు. సాయంకాలం పత్తర్‌గట్టిలో ఆటోలు, స్కూటర్లు జానెడు ఎడంతో నడుచును. అయినను గొలుసు ప్రమాదం జరుగదు, వేగం లేదు కనుక. అదే జానెడు ఎడాన్ని అలవాటుగా మోసుకొని రాత్రివేళ ఖాళీ రహదారిపై మోటారు సైకిలును పరుగెత్తించినచో అదే టల్లడేగా అగును. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవు వాహనం, తేరుకొని బ్రేకు వేసి ఆగుటకు ఇంచుమించు 18 మీటర్లు కావలెను. వేగం రెట్టింపై 60 అయినచో 45 మీటర్లు కావలెను. వేగం రెట్టింపైన బ్రేకు దూరం నాలుగు రెట్లగుటయే దీనికి కారణం.

ఇంకొక భేదం కూడా కలదు. 2001 ఫిబ్రవరిలో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన పిదప, మెడను కాపాడు సాధనాలు, దెబ్బను మ్రింగు గోడలు ఏర్పాటైనవి. ఒక మరణం నుండి వారు పాఠం నేర్చినారు. 28 కార్లు కూలిన నాడు కూడా నడుపువారి ప్రాణాలు నిలిచినవి. మన దేశపు రహదారులపై 2022లో 1,68,491 మంది మరణించినారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై పోవుచుండినవారే. వారికి పందెపు గోడలు లేవు, శిరస్త్రాణమొక్కటే రక్ష. దానిని కూడా హ్యాండిలుకు తగిలించి పోవు సోదర విద్యార్థులను ప్రతిదినం కళాశాల ద్వారం వద్ద చూచుచునే ఉన్నాము.

'జల్దీ కా కామ్ షైతాన్ కా' అని ఉర్దూ సామెత. 'నిదానమే ప్రధానం' అని తెలుగు సామెత. రెండు భాషలలో చదువుకొను మనకు రెండు విధాల హెచ్చరిక అందినది. ముందు పోవు వానికిని మనకును నడుమ కొంత చోటు విడుచుట పిరికితనం కాదు. ఆ చోటులోనే అతని ప్రాణం, మన ప్రాణం, ఇంట ఎదురుచూచు తల్లి నిశ్చింత ఇమిడి ఉన్నవి.