కోడిపిల్లల గదిలో పరుపు

కోడిపిల్లలు చచ్చిపోయినవనగానే మనము తెగులును నిందింతుము, పిల్లలను పంపినవారిని నిందింతుము, కడకు మన యదృష్టమును నిందింతుము. ఆ గదిలోనికి పోయి, నేలపై పరచిన ఊకను పిడికిట పట్టి చూచువారు అరుదు.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక వానకాలమున, గోదావరి ప్రాంతమందలి యొక గ్రామములో స్త్రీల సంఘమువారు అప్పు తెచ్చి 250 పిల్లలను తెప్పించిరి. గది బాగుగనే యున్నది. దీపములు వెలుగుచున్నవి. మేతకు, నీటికి లోటు లేదు. ఊక మాత్రము మిల్లు వెనుక వానకు తడిసి పైపైన ఆరిన కుప్పనుండి తెచ్చిరి. వారము దాటకముందే పిల్లలు నోళ్లు తెరచి ఎగఊపిరి విడువసాగినవి. రెండవ వారము ముగియునప్పటికి సగము మిగులలేదు. తరువాత నేను ఆ కుప్పలో మోచేతివరకు చేయి పెట్టి చూచితిని. లోపల వెచ్చగానుండి, బూడిదరంగు బూజు చేతికంటెను. పిల్లలు పోయినవి గాని అప్పు పోలేదు. ఆ వాయిదాలను ఆ స్త్రీలు కూలి డబ్బులతో తీర్చిరి.

బూజుపట్టిన పరుపునుండి లేచు ఆస్పర్జిల్లసు బీజములు ఊపిరితిత్తులలో చేరి ఈ వ్యాధిని కలిగించును. వ్యాధి వచ్చిన పిల్లకు పనికివచ్చు చికిత్స లేదనియే చెప్పవలెను. కావున ఊకను ఏరుకొనునప్పుడే జాగ్రత్త వహింపవలెను.

పరుపువలన ప్రయోజనము లేమి? చల్లని నేలకును పిల్ల పొట్టకును నడుమ అది అడ్డుగానుండి వెచ్చదనమును నిలుపును. రెట్టలోని తేమను పీల్చి గాలికి వదలును. కాలు జారకుండ పట్టునిచ్చును. ఏ పదార్థమునైనను ఈ మూడింటితో తూచి చూడవలెను.

డెల్టా గ్రామములకు వరి ఊకను మించినది లేదు. అది తేమను అంతగా పీల్చదు గాని త్వరగా ఆరును, ముద్దకట్టదు, చవుకగా దొరకును. అయితే ఊక వేరు, తవుడు వేరు. తవుడు కలిసిన చిట్టును పరచినచో పిల్లలు దానినే మేత యనుకొని తినును. తేమ తగిలిన వెంటనే అది పులియును. రాయలసీమలో వేరుశనగ పొట్టు విరివిగా దొరకును. తేమను బాగుగ పీల్చును. కాని దానికి బూజు భయము హెచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చుటకు బూజుపట్టిన వేరుశనగ పిండియే కారణమని తేలినది. అది మేతద్వారా వచ్చిన విషమే యైనను, ఆ బూజు పొట్టునందును పెరుగును. పిల్లలు పరుపును పొడుచుకొని తినుట మానవు గదా! ఎండబెట్టిన క్రొత్త పొట్టునే వాడవలెను. నిరుటి నిలువను ముట్టరాదు.

వడ్రంగి చిత్రిక పట్టగా రాలిన చెక్క పొరలు మేలైనవి. సన్నని రంపపు పొట్టు అట్టిది కాదు. ధూళి రేగును, పిల్లలు తిన్నచో కడుపు బిగియును. చెదలమందు పూసిన కలప పొట్టు అసలే కూడదు. వరిగడ్డిని వాడక తప్పనిచో అంగుళము, రెండంగుళముల ముక్కలుగా నరకవలెను. పొడవు గడ్డి చాపవలె అల్లుకొని క్రింద తడిని దాచును.

ఎంత కావలెను? మొదటి నాలుగు వారములకు పిల్లకు అర చదరపు అడుగు చొప్పున, 250 పిల్లలకు 125 చదరపు అడుగులు. రెండంగుళముల మందమున పరచుటకు 75 కిలోల ధాన్యము పట్టు గోనెలు నాలుగైదు నిండ ఊక చాలును. అదనముగ రెండు గోనెలు పొడిచోట ఉంచుకొనవలెను. మిల్లు యజమానితో పంచాయతీ సభ్యుడొకడు మాటలాడినచో ఇది పెద్ద పని కాదు.

నేలను కడిగి, సున్నము కొట్టి, పూర్తిగ ఆరిన పిమ్మటనే ఊక పరచవలెను. మొదటి మూడు నాలుగు దినములు ఊకపై కాగితము పరచుట వాడుక. పిల్లలు ఊకకు బదులు నూక తినుట నేర్చుకొనును. నున్నని కాగితముపై కాళ్లు జారి చీలిపోవును గనుక గరుకు కాగితము మంచిది. దానిని దినమున కొకమారు మార్చవలెను. పిల్లలు చేరుటకు ఒక దినము ముందే దీపములు వెలిగించినచో పరుపు కూడ వేడెక్కును. మొదటి వారము పిల్లలుండు ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి, తరువాత వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపు అవసరము.

తడికి మూలము సాధారణముగ నీటి పాత్రయే. దానిని ఇటుకపై నిలిపి, చుట్టు తడిసిన ఊకను ఏ పూటకాపూట ఎత్తివేయవలెను. వారమునకు రెండుమార్లు పరుపును కలియబెట్టవలెను. వెచ్చదనము, తేమ కలిసినచోట రక్తపారుడు వ్యాధి బీజములు ఒకటి రెండు దినములలోనే పక్వమునకు వచ్చును. పరుపు పొడిగానున్నచో వాటి బలము తగ్గును.

పరీక్ష సులభము. గుప్పెడు ఊకను బిగించి విడువుడు. ముద్దగా నిలిచినచో తడి హెచ్చినది. చేతి కించుక అంటి విడిపోయినచో సరిగానున్నది. దుమ్ముగా రాలినచో మిక్కిలి ఎండినది. పిమ్మట గదిలో మోకాళ్లపై కూర్చుండి, పిల్లల ముక్కున్న ఎత్తున గాలి పీల్చుడు. నిలుచున్న మనిషికి తెలియని అమోనియా ఘాటు అక్కడ తెలియును. మన కన్ను మండినచో, రేయింబవళ్లు అందే యుండు పిల్లల కన్ను ఇంకెంత మండునో!

హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతి పిల్లలను సయితము మొదటి కొద్ది వారములు ఇట్లే గదిలో పెంచి, పిదప పెరటిలోనికి వదలవలెను. గట్టి జాతి గదా యని మొదటి దినముననే వదలినవారు నష్టపోవుదురు. మన గ్రామమునకు పిల్లలు మంజూరైనపుడు, అవి వచ్చుటకు వారము ముందే సభ్యులిద్దరు ప్రతి యింటికి పోయి ఊకను చూచి రావలెను. తడిగానున్నచో ఎండబెట్టించుటకు వ్యవధి మిగులును.

వాడిన పరుపును వీధి ప్రక్కన పోయరాదు. పెంటకుప్పలో వేసి మాగనిచ్చినచో చేనికి మంచి ఎరువగును. తెగులు సోకిన గదిలోని పరుపును మాత్రము ఊరికి దూరముగ గోతిలో పూడ్చి, ఆ గదిని కడిగి సున్నము కొట్టి, కొన్ని దినములు ఎండకు వదలిన పిమ్మటనే క్రొత్త పిల్లలను తేవలెను.