పరదేశయాత్రలో ధనము: ముందుగా నింపిన కార్డు



గత వేసవి సెలవులలో మన పాఠశాలలో చదివి వెళ్లిన యొక యువకుడు తన తండ్రితో గూడ నన్ను చూడవచ్చెను. అతడు పైచదువునకై జర్మనీ దేశమునకు పయనమగుచుండెను. తండ్రి ప్రత్తి పండించు రైతు. కుమారుని ప్రయాణమునకై ఎకరమున్నర చెలక కుదువ పెట్టినవాడు. యువకుడు సంచిలోనుండి యొక కార్డు తీసి బల్లమీద పెట్టి, "సారూ, ఇందులో 2,000 యూరోలున్నవి" అనెను. తండ్రి దానిని చేతికి తీసికొని, ఇటునటు త్రిప్పి చూచి, "నా చెలక పైసలు ఇందులో యాడున్నయి సారూ?" అని యడిగెను. ప్రశ్న చిన్నదైనను న్యాయమైనది. దాని కుత్తరమే యీ పాఠము.

1. మన తాతల రెండు రూపాయలు

పరదేశ నాణెమనగా మన పరకాలవారికి క్రొత్త సంగతి యని తలంపరాదు. నిజాము రాజ్యములో మన యూర చెల్లినది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియాలో చెల్లినది కల్దారు రూపాయి. కాజీపేటలో రైలెక్కి బెజవాడలో దిగిన మన తాతలు అచ్చటి అంగడికి పోవుటకు ముందు సొమ్ము మార్చుకొనవలసియుండెను. సర్కారు లెక్క ప్రకారము 100 కల్దారు రూపాయలకు సమమైనవి 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా. అనగా 7 హాలీలకు 6 కల్దారులు. 70 రూపాయలతో బయలుదేరినవానికి చేతికి 60 వచ్చును. ఇది నష్టము కాదు, విలువలోని భేదము మాత్రమే. కాని మార్చువాడు తన లాభమునకై మరికొంత తీసికొనును. దానికే వట్టమని పేరు. హైదరాబాదు 1948లో ఇండియాలో చేరిన పిదప హాలీ సిక్కా కొన్నియేండ్లు నడచి 1959లో ముగిసెను.

యెరూషలేము దేవాలయమునకు దూరదేశములనుండి వచ్చిన యూదులును రూకలు మార్చువారి బల్లలయొద్ద నిలువవలసివచ్చిన సంగతి మనము సువార్తలలో చదివినదే. సొమ్ము ఒక రూపము విడిచి మరియొక రూపము దాల్చు ప్రతిచోట వట్టము కాచుకొని యుండును. కావున యాత్రికుడు, ఎన్నిమారులు వట్టము చెల్లించుచున్నానని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. ఈ పాఠమంతటికి ఇదియే మూలసూత్రము.

2. హుండీనుండి కార్డువరకు

రొక్కము మోసికొనిపోవుటలో దొంగలభయము కలదు. అందుచేత పూర్వము మన దేశపు షావుకార్లు ఒక యూరిలో సొమ్ము కట్టించుకొని హుండీ వ్రాసి యిచ్చెడివారు. దానిని చూపి వేరొక యూరిలో రొక్కము పొందవచ్చును. పాశ్చాత్య దేశములలో బ్యాంకులిచ్చు పూచీ ఉత్తరములు అట్టివే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ అధ్యక్షుడగు జె. సి. ఫార్గో ఐరోపా యాత్రలో, పెద్ద నగరములు దాటినచో అట్టి యుత్తరమునకు రొక్కమిచ్చువారు లేక విసిగెను. తత్ఫలితముగా ఆ కంపెనీ ఉద్యోగి మార్సెలస్ బెర్రీ రూపొందించిన ట్రావెలర్స్ చెక్కు 1891లో వెలువడెను. కొనునప్పుడొక సంతకము, మార్చునప్పుడొక సంతకము. రెండును సరిపోలినగాని సొమ్ము రాదు.

పిదప 1967 జూన్ 27వ తేదీని లండను ప్రాంతపు ఎన్‌ఫీల్డులో బార్క్‌లేస్ బ్యాంకు రొక్కమిచ్చు యంత్రమును నిలిపెను. దానికి కర్తయని పేరొందిన జాన్ షెపర్డ్ బారన్ మన దేశపు షిల్లాంగులో జన్మించినవాడు. ఇట్టి యంత్రములతో సంతకమునకు బదులు రహస్యసంఖ్య వచ్చెను. ముందుగా కొనియుంచుకొను చెక్కు, రొక్కమిచ్చు యంత్రము, ఈ రెండింటి కలయికయే నేటి ఫారెక్స్ కార్డు.

3. సొమ్ము ఎచ్చట నున్నది?

కార్డులో సొమ్ము లేదు. అది తాళపుచెవి, పెట్టె బ్యాంకులో నున్నది. మనము రూపాయలు కట్టగా, బ్యాంకు ఆనాటి ధరచొప్పున యూరోలను లెక్కించి మన ఖాతాలో వ్రాసికొనును. మొదటి వట్టము ఇచ్చటనే చెల్లును. కావున రెండు మూడు చోట్ల ధర విచారించి కొనవలెను. నింపిన పిదప రూపాయి విలువ తగ్గినను ఆ యూరోలు తగ్గవు. పెరిగినను అవి పెరుగవు. నింపినంత మట్టుకే వాడవచ్చును గనుక అప్పు పడు భయము లేదు.

రిజర్వు బ్యాంకు నియమములును తెలిసికొనవలయును. చాల దేశములకు పోవువారు ఒక్కొక ప్రయాణమునకు 3,000 డాలరుల విలువ వరకే పరదేశపు నోట్లను కొనిపోవచ్చును. మిగిలినది కార్డు మొదలగు రూపములలో నుండవలెను. నేపాళ భూటానములకు ఈ కార్డు పనికిరాదు. యాత్ర ముగించి వచ్చినవారు మిగిలిన సొమ్మును 180 దినములలో మరల రూపాయలుగా మార్చుకొనవలెను. 2,000 డాలరుల విలువ వరకు తమయొద్ద ఉంచుకొనవచ్చును.

4. యంత్రము నెదుట

కార్డు పెట్టి రహస్యసంఖ్య నొక్కినంతట, కొన్ని యంత్రములు ఎంతో మర్యాదగా నొక ప్రశ్న వేయును: "లెక్క మీ దేశపు రూపాయలలో వేయుదుమా, ఈ దేశపు నాణెములో వేయుదుమా?" పరాయి దేశములో రూపాయి పేరు కనబడగానే మనసునకు చల్లగా నుండును. ఉచ్చు అచ్చటనే కలదు.

లెక్కకై కొన్ని అంకెలను కల్పించుకొందము. యూరో ధర 100 రూపాయలనుకొనుడు. 200 యూరోలు తీయవలెను. రూపాయలని నొక్కినచో యంత్రమువారు తమ ధర 106గా లెక్కించి 21,200 రూపాయలు కోరుదురు. మన కార్డులో నున్నవి యూరోలు గదా! బ్యాంకు ఆ రూపాయలను మరల యూరోలుగా మార్చును: 212. అందుకై నూటికి 3 చొప్పున వట్టము వేయును: 6 యూరోల 36 సెంట్లు. వెరసి 218 యూరోల 36 సెంట్లు పోయి, చేతికి 200 వచ్చినవి. యూరోలు యూరోలుగానే రావలసినచోట రెండు మారులు వట్టము చెల్లించితిమి! ఆ 18 యూరోలు ప్రత్తి యేరు కూలివారికి ఎన్నిదినముల కూలియో మీ తల్లుల నడిగి తెలిసికొనుడు. కావున ఎల్లప్పుడును ఆ దేశపు నాణెమునే కోరవలెను.

యూరోలు నింపిన కార్డును స్విట్జర్లాండులో వాడినచో అచ్చటి నాణెము ఫ్రాంకు గనుక మరల వట్టము పడును. పోవు దేశపు నాణెమునే నింపుకొనుట మేలు.

ఇంకొక సంగతి. రొక్కము తీసినప్పుడెల్ల బ్యాంకు రుసుము పడుటయు, యంత్రము గలవారు తమ రుసుము వేరుగా కోరుటయు కలదు. మారునకు 2 యూరోలనుకొందము. 20 చొప్పున పదిమారులు తీసిన, 200 యూరోలకు 20 రుసుము. ఒకేసారి తీసిన 2 మాత్రమే. అట్లని నెలకు సరిపడు రొక్కము జేబులో పెట్టుకొని తిరుగరాదు. వారమునకు కావలసినంత తీసికొని, అంగళ్లలో కార్డుతోనే చెల్లించుట మధ్యమ మార్గము.

5. జాగ్రత్తలు

రహస్యసంఖ్యను కార్డుతోపాటు ఉంచరాదు. కొన్ని బ్యాంకులు రెండవ కార్డు నిచ్చును. దానిని వేరొక సంచిలో దాచవలెను. కార్డు పోయినచో ఫోను చేయవలసిన నంబరును ఫోనులోనే గాక కాగితముమీద కూడ వ్రాసికొనవలెను. ఏలయన కార్డుతోపాటు ఫోనును పోవచ్చును. యంత్రము రొక్కమీయకయే లెక్కలో తగ్గించినచో చీటీని భద్రపరచి వెంటనే బ్యాంకునకు తెలుపవలెను. వసతిగృహములవారు హామీగా కొంత సొమ్మును కార్డులో నిలిపివేయుదురు. అది విడువబడువరకు మనకు అక్కరకు రాదు.

ముగింపు

ఆ సాయంకాలము ఈ సంగతులనే కాగితముమీద అంకెలు వేసి తండ్రికి చూపితిని. అతడు చదువరి కాకపోయినను లెక్కలో మందుడు కాడు. అంతయు విని, "అట్లయితే, మీదికెల్లి అడిగినోనికల్లా తలూపొద్దు బిడ్డా" అని కుమారునితో ననెను. నేను చెప్పిన పాఠమంతయు ఆ యొక్క మాటలో నిమిడినది.

నెల గడిచిన పిదప ఆ యువకుడు నాకు వ్రాసెను: "ఫ్రాంక్‌ఫర్టు విమానాశ్రయములో యంత్రము రూపాయలు చూపి సమ్మతమా యని యడిగినది, సారూ. నాన్న జ్ఞాపకము వచ్చి యూరోలనే నొక్కితిని."

అభ్యాసము

1. యూరో ధర 100 రూపాయలు, యంత్రపు ధర 105, బ్యాంకు వట్టము నూటికి 3 అయినచో, 300 యూరోలకై రూపాయలని నొక్కినవానికి నష్టమెంత?

2. 84 హాలీ రూపాయలకు ఎన్ని కల్దారులు? మీ యింటి పెద్దలలో హాలీ సిక్కా చూచినవారున్నచో, దానిని గూర్చి యడిగి వ్రాయుడు.