మోటారుసైకిల్ తీగెల అతుకు

మా ఆనందపురం చుట్టుపక్కల రైతులు తెల్లవారకముందే కూరగాయల బుట్టలు బండికి కట్టుకొని హైవే ఎక్కుతారు. లారీల నడుమ హెడ్‌లైటు మినుకుమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నడపవలసిందే. బల్బు పోయిందనుకొని కొత్తది వేస్తాం. తీరా చూస్తే చాలాసార్లు దోషం అతుకులో ఉంటుంది.

రెండు తీగెలు మెలిపెట్టి టేపు చుట్టేస్తే కొత్తలో బాగానే వెలుగుతుంది. పోనుపోను బండి అదురుకి మెలి వదులవుతుంది, ఎండకి టేపు జిగురు కారిపోతుంది, సముద్రపు తేమ దూరి రాగికి చిలుము పడుతుంది. చిలుము కరెంటును సరిగా పోనివ్వదు. ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రంతోనే లెక్క కట్టండి. పాత బళ్ళలోని 12 వోల్టుల, 35 వాట్ల బల్బుకి దారిలో అర ఓమ్ నిరోధం అడ్డుపడితే సుమారు 1.3 వోల్టులు అతుకులోనే వేడిగా పోతాయి. వెలుగు దాదాపు మూడోవంతు తగ్గుతుంది!

ముందు బ్యాటరీ నెగటివ్ తీగె విప్పండి. మెరిసే రాగి కనబడేదాకా తొడుగు ఒలవండి. పళ్ళతో పీకితే పోగులు తెగుతాయి సుమా. మందానికి సరిపోయే లగ్గు తొడిగి, లగ్గులు నొక్కే ప్లేయరుతోనే నొక్కాలి. మా నాన్న బోరు మోటారు స్టార్టరులో లగ్గు వేశాక తీగె పట్టి గట్టిగా లాగి చూస్తాడు. బండికీ అదే పరీక్ష.

టంకమూ మంచిదే గానీ, అది ఆగినచోట తీగె బిరుసెక్కి అదురుకి తెగుతుంది. కనుక ఆ భాగాన్ని కదలకుండా ఫ్రేముకి కట్టాలి. హేండిలు తిరిగేచోట అసలు అతుకే వద్దు. ఎర్తు తీగె బిగించేముందు ఫ్రేము మీది పెయింటు గీకి, బిగించాక కాస్త గ్రీజు పూయండి.