కుక్క గీరినా చెప్పని పిల్లలు

ప్రశ్న: కల్యాణదుర్గం దగ్గర పల్లెబడిలో టీచర్‌ని. కుక్క కరిచినా పిల్లలు ఇంట్లో చెప్పడం లేదు. కడుక్కోమందామంటే బడిలో నీళ్లకే కటకట. ఏం నేర్పాలి?

జవాబు: ముందు భయం పోగొట్టండి టీచరమ్మా. పిల్లలు దాచేది తిట్లకు, బొడ్డు చుట్టూ సూదులకు భయపడి. ఆ సూదులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా భుజానికే వేస్తారు: వెళ్లిన రోజు ఒకసారి, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం కారితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా పడాలి. రేబిస్ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం బతికించడం దాదాపు అసాధ్యం.

నీళ్ల సంగతి నోటితో చెప్పకండి, చేయించండి. కొళాయి లేకున్నా ఫర్వాలేదు. ఒకరు చెంబుతో సన్నగా ధార పోస్తుంటే ఇంకొకరు పిక్కను సబ్బుతో కడగాలి, గడియారం చూసి 15 నిమిషాలు. సగంలోనే ‘చాలు మేడం’ అంటారు, వినకండి. వైరస్ పైపొరను సబ్బు కరిగించేస్తుంది. కారం, సున్నం, ఆకుపసరు గాయం మీద పెట్టనివ్వొద్దు.

కుక్క మీదికొస్తే పరిగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు వదిలేసి కదలకుండా నిలబడాలి. పిల్లల తల్లి కుక్క జోలికి అసలే పోకూడదు. గొర్రెల మంద వెంట తిరిగే కుక్క గీరినా, మనదే కదా అని ఊరుకోవద్దు.

తర్వాతి తల్లిదండ్రుల సమావేశంలో ఒక్కమాట అడగండి: పిల్లాడు వచ్చి చెప్పినప్పుడు తిట్టొద్దని.