అవతలివాడి మాట ముందు రాయండి

విజయవాడలో ఎకనామిక్స్ చదివిన కుర్రాణ్ణి తర్వాతేం చేస్తావని అడగండి. గ్రూప్స్ అంటాడు, బ్యాంకు అంటాడు, ఇంకాస్త ఓపికుంటే లెక్చరర్ ఉద్యోగం అంటాడు. గుణదల విద్యుత్ సౌధ ముందునుంచే రోజూ బస్సులో వెళ్తుంటాడు. అయినా కరెంటు యూనిట్ ధర ఎంతో లెక్క తేల్చే పనిలో తన చదువుకూ చోటుందని తట్టదు.

పనేమిటో టూకీగా చెబుతాను. మన వీధికి వచ్చే కరెంటు తీగలు ఒకే సంస్థవి. ధర నచ్చలేదని పక్క కొట్టుకు వెళ్లే వీల్లేదు. అందుకని బజారు చేసే పనిని ఎవరో ఒకరు కాగితం మీద చేయాలి. 1998 నాటి సంస్కరణల చట్టం కింద 1999లో ఉమ్మడి రాష్ట్రానికి విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. జనం నోట ఈఆర్‌సీ. ఇప్పుడు మన మండలి కార్యాలయం కర్నూలులో ఉంది. 2003 విద్యుత్ చట్టం మండలి సభ్యుల అర్హతల్లో ఇంజినీరింగు, న్యాయం పక్కనే అర్థశాస్త్రాన్నీ చేర్చింది. విజయవాడ కేంద్రంగా పనిచేసే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఏపీసీపీడీసీఎల్‌కూ, ఈఆర్‌సీకీ, వాళ్లకు లెక్కలు కట్టిపెట్టే కన్సల్టెన్సీలకూ ఈ చదువు అవసరమే. జీతం, హోదా సంగతి ఎవరైనా చెబుతారు. ఈ పని మనిషిని ఎలా మలుస్తుందన్నదే నాకు ఆసక్తి.

ఏటా నవంబరు ఆఖరుకల్లా డిస్కంలు వచ్చే ఏడాదికి తమకెంత సొమ్ము కావాలో ఏఆర్ఆర్ పేరుతో నివేదిక ఇస్తాయి. పత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు వస్తాయి. తర్వాత బహిరంగ విచారణ. అక్కడ రైతు సంఘం నాయకుడు లేస్తాడు, ఆటోనగర్ చిన్న పరిశ్రమల వాళ్లు లేస్తారు, వామపక్షాలవాళ్లు లేస్తారు. చివరికి వచ్చే టారిఫ్ ఉత్తర్వు తెరిచి చూడండి. ముందు అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, ఆ కింద మండలి అభిప్రాయం. పుట తర్వాత పుట ఇదే వరస. సాహిత్యపరంగా చప్పిడి కూడే, ఒప్పుకుంటాను. కానీ వ్యక్తిత్వ వికాసం మీద వచ్చే పుస్తకాల్లో సగానికి పైగా ఈ వరస నేర్పే విద్య నేర్పవు.

అదేమిటంటే, మీ అభిప్రాయం చెప్పేముందు అవతలివాడి అభ్యంతరాన్ని రాయడం. వెక్కిరింపుగా కాదు, వాడు చదివి "అవును, నేనన్నది ఇదే" అని తలూపేట్టు రాయడం. తమ్ముడు వరి పొలాన్ని రొయ్యల చెరువు చేద్దామంటున్నాడు, అన్న వద్దంటున్నాడు అనుకుందాం. కేకలకు ముందు అన్న తమ్ముడి లెక్క రాయాలి, తమ్ముడు ఉప్పుదేలే పక్క పొలం గురించి అన్న భయం రాయాలి. సగం తగవులు అక్కడే ఆగుతాయి. మిగతా సగం ఆగవు, కానీ దేనిగురించి తగవు పడుతున్నామో ఇద్దరికీ తెలుస్తుంది.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి ఒక కఠినమైన లెక్క చూద్దాం. అమెరికన్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్ 1974లో న్యూయార్క్ రాష్ట్ర నియంత్రణ కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. గిరాకీ ఎక్కువున్న వేళ కరెంటు తయారుచేయడానికి ఖర్చు ఎక్కువ, కాబట్టి ఆ వేళ ధరా ఎక్కువుండాలని వాదించి, వేళను బట్టి ధర పెట్టే పద్ధతిని ముందుకు తెచ్చాడు. మనకూ వర్తించే మాటే. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలం, పొద్దుగూకాక కొరత. సూత్రం చక్కగా ఉంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని కైకలూరు, బంటుమిల్లి వైపు చెరువు గట్ల మీదికి వెళ్లండి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున. ఏరియేటర్లు తిరగాల్సింది రాత్రి. "ఎండ ఉన్నప్పుడు వాడుకో, చౌక" అంటే రొయ్య వినదు. అలాగని రాత్రి ఖర్చును ఎవరో ఒకరు మోయక తప్పదు. టారిఫ్ పుస్తకంలో 'ఆక్వా కేటగిరీ' ఒక వరుస. గట్టుమీద అది జనరేటర్ పక్కన నిద్రకాచే మనిషి. రెండూ చూసినవాడి కలం వేరుగా కదులుతుంది. ఏ ఉద్యోగంలో ఉన్నా, మీ లెక్కలోని ఒక్క వరుసనైనా వెళ్లి కళ్లారా చూసి రండి.

ఇక మరో అలవాటు. ఏది ఉచితమన్నా, ఏది తగ్గిందన్నా "మరి ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు?" అని అడగడం. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఉంది. ఆ సొమ్ము ప్రభుత్వం డిస్కంలకు ముందుగానే చెల్లించాలని చట్టం చెబుతుంది. ఎవరూ కట్టని ఖర్చు ఎక్కడికీ పోదు. కొంత బీసెంట్ రోడ్డు దుకాణదారు బిల్లులోకి వెళ్తుంది, కొంత ట్రూఅప్ అనే సర్దుబాటు పేరుతో తర్వాతి ఏడాదికి జారుతుంది. 2023 నుంచి నెలనెలా వచ్చిన యూనిట్‌కు 40 పైసల సర్దుబాటు గుర్తుందిగా? ఈ ప్రశ్న ఇంటి ఈఎంఐలకూ, ఆఫీసులో "చూద్దాంలే" అని వాయిదా వేసే పనులకూ అడగండి. ఉచితం తప్పని తేల్చడానికి కాదు. నిలబెట్టాలంటే ఎంతవుతుందో తెలియడానికి.

అయితే లెక్క సరిపోయినంత మాత్రాన జనం సరిపెట్టుకోరు. మండలి 2000లో ఇచ్చిన మొదటి టారిఫ్ ఉత్తర్వు తర్వాత ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. టారిఫ్ మీద పనిచేయబోయే ప్రతివాడూ ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర ఇది. ధరల పట్టికను జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఆ విషయంలోనూ కాన్ గురువే. తర్వాత విమానయాన బోర్డుకు వెళ్లినప్పుడు, మామూలు మనుషులు మాట్లాడుకునే భాషలో రాయండంటూ సిబ్బందికి 1977లో ఒక మెమో పంపాడు. 1978లో కార్టర్ ప్రభుత్వంలో ఉండగా ఆర్థిక మాంద్యం గురించి నోరుజారితే పైవాళ్లు మందలించారు. సరే, ఇకనుంచి ఆ మాట బదులు 'అరటిపండు' అంటానన్నాడు. పదవిలో ఉండి ఆ మాత్రం నవ్వగలిగినవాళ్లు అరుదు.

దీనికంతటికీ ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సీనియర్ పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డి వంటివారు ఏళ్ల తరబడి డిస్కంల నివేదికలు చదివి విచారణల్లో వాదించింది పౌరులుగానే. ఈసారి ఏఆర్ఆర్ ప్రకటన పడగానే డిస్కం వెబ్‌సైట్ నుంచి నివేదిక దించుకోండి. మొత్తం చదవక్కర్లేదు, విద్యుత్ కొనుగోలు ఖర్చు అధ్యాయం చాలు. ఒక్క ప్రశ్న రాసి మండలికి పంపండి, దాని నకలు డిస్కంకు ఇవ్వండి, విచారణలో మాట్లాడతానని అందులోనే రాయండి. ప్రశ్న పదునుగా ఉంటే డిస్కం దాటవేయడం కష్టం. జవాబు నచ్చకపోతే మరుసటి ఏడు మళ్లీ పంపవచ్చు.